ఇరవై లక్షల పంతొమ్మిది వేల తొంభై ఏడు

మా ఊరి చర్చిలో, ఆ రోజు పాడబోయే కీర్తనల నంబర్లు రాసిపెట్టే నల్లబోర్డు ఒకటి ఉంటుంది. మార్చి నెలలో ఆ ఉదయం దాని మీద 437 అని ఒక్కటే నంబరు ఉంది. బోర్డు కింద బల్ల, బల్ల మీద పెట్టె, పెట్టెలో మా లెక్కల టీచరు. చుట్టూ అందరూ ఏడుస్తూ పాడుతున్నారు. నేను పాడటం లేదు, ఏడవటమూ లేదు. ఆ నంబరు ఏడుతో పోతుందా అని చూశాను, పోదు, మూడు మిగులుతుంది. పదకొండుతో పోదు. పదమూడుతోనూ పోదు. పదిహేడుతో చూస్తుండగానే పాట రెండో చరణంలోకి వచ్చేసింది. నాకు కంగారు పుట్టింది. పాట అయ్యేలోపు తేల్చకపోతే ఆవిడ లేచి నా వైపు చూస్తారేమో అన్నంత కంగారు.

పక్కన నిలబడ్డ పిల్లకి పదహారేళ్ళుంటాయి. నా పెదాలు కదలటం గమనించినట్టుంది. పాటల పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని, "పంతొమ్మిది అక్కా. పంతొమ్మిది ఇరవైమూళ్ళు," అంది.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఆవిడ ప్రతి ఆదివారం చేసే పని ఇదే. పాస్టరుగారు బోర్డు మీద నంబరు రాసి సుద్దముక్క కింద పెట్టేలోపే మొదలుపెట్టేవారు. మొదటి చరణం అయ్యేసరికి తేలిపోయేది. తేలగానే గొడుగు పిడి మీద చూపుడువేలితో రెండుసార్లు తట్టి, అప్పుడు గొంతు కలిపేవారు. వల నిండా నూట యాభై మూడు చేపలు పడిన కథ పాస్టరుగారు చెప్పినప్పుడల్లా ఆవిడ తన దగ్గర చదివే మా ఆడపిల్లల వైపు వంగి, "ఒకటి నుంచి పదిహేడు దాకా కూడండి, నూట యాభై మూడే వస్తుంది," అని చెవిలో చెప్పేవారు. చెప్పాక, చర్చిలో మాట్లాడినందుకు తనే భయపడి, కళ్ళు మూసుకునేవారు. మేం మాత్రం ప్రార్థన అయ్యేదాకా వేళ్ళు మడిచి కూడుకుంటూ కూర్చునేవాళ్ళం. నిజంగానే వచ్చేది.

ఆవిడంత భయస్తురాలిని నేను మళ్ళీ చూడలేదు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవారు. నాలుగు అడుగులు వేసి, వెనక్కి వచ్చి ఇంకోసారి. తొమ్మిదింటి బస్సుకి ఎనిమిదింటికే వెళ్ళి నిలబడేవారు. చిలకలూరిపేట వెళ్ళే పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే మమ్మల్ని రోడ్డుకి ఇవతల ఒకసారి, అవతల ఒకసారి లెక్కపెట్టేవారు. మేం ఉన్నదే ఏడుగురం. పత్తి లారీ ఏదైనా మరీ దగ్గరగా దూసుకుపోతే ఆవిడ మొహం పాలిపోయేది. ఆ పాలిపోయిన మొహంతోనే లారీ వెనక నంబరు చదివి, "రెండు వేల నాలుగు వందల ముప్పై ఒకటి. పదకొండు, పదమూడు, పదిహేడు. మూడూ పోతాయి," అనేవారు. అది అన్నాక మొహంలోకి మళ్ళీ రక్తం వచ్చేది.

ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కసారే చెప్పారు. ఆవిడది కొత్తపట్నం అవతల సముద్రపు ఊరు. నాన్న వేటకి వెళ్ళేవాడు. చిన్నప్పుడు సాయంత్రం గట్టు మీద నిలబడి, తిరిగొచ్చే పడవలు లెక్కపెట్టేదాన్నని చెప్పారు. "పొద్దున తొమ్మిది వెళ్ళినయ్. సాయంత్రం ఎనిమిది దాకా లెక్కపెట్టాక, తొమ్మిదోది కనబడేదాకా ఊపిరి ఆడదే అమ్మాయ్. నాకు లెక్కలు అక్కడ అబ్బినయ్," అన్నారు. తొమ్మిదోది ఎప్పుడైనా రాలేదా అని అడగడానికి మాకు ధైర్యం చాల్లేదు.

మిషన్ స్కూల్లో ఆవిడ లెక్కల టీచరు. బడి వదిలాక చర్చి వరండాలో పదో తరగతి లెక్కలు తప్పిన ఆడపిల్లల్ని కూర్చోబెట్టి చెప్పేవారు. తొంభైల చివర నేను ఆ వరండాలో చేరేసరికి రెండుసార్లు తప్పి ఉన్నాను. మూడోసారి కూడా తప్పితే ఇక పుస్తకం ముట్టుకోనక్కర్లేదని మా నాన్న తేల్చి చెప్పేశాడు. మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో మా అమ్మ పక్కన నాకో పీట కూడా చూసిపెట్టాడు. అమ్మ ఆ షెడ్డు నుంచి వచ్చాక మజ్జిగ గిన్నెలో రెండు చేతులూ ముంచుకుని అరగంట కదలకుండా కూర్చునేది. వేళ్ళు మండి నిద్ర పట్టేది కాదు. లెక్కలంటే భయం, ఆ గిన్నె అంటే అంతకంటే భయం. రెంటి మధ్యలో నేను.

పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ భయపడేవారు కాదు. మమ్మల్ని భయపెట్టేవారు. "శేషం చెప్పు, సాకు చెప్పకు," అనేది ఆవిడ మాట. ఎవరైనా లెక్క తప్పి, తలనొప్పి అనో ఇంట్లో పని అనో మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టి ఆ మాట అనేవారు. టిక్కు కొట్టడంలో పరమ పిసినారి. సరిగ్గా చేసిన లెక్క పక్కన చీమ తలంత గీత గీసేవారు, అది కనబడటానికి పుస్తకం వెలుతురులోకి తిప్పుకోవాలి. తప్పు లెక్కకి టిక్కు పడటం అనేది ఆ వరండా చరిత్రలో లేదు. ఒకసారి స్కూలు పెద్దల్లో ఒకాయన తన కూతురి పేపరు చూసీ చూడనట్టు పోనిమ్మంటే, "తప్పుకి టిక్కు కొడితే ఆ చెయ్యి నాది కాదండీ," అన్నారు. అంటున్నప్పుడు కాళ్ళు వణుకుతున్నాయి. అయినా అన్నారు.

లెక్కల పరీక్షకి పదహారు రోజులుందనగా హాల్ టికెట్లు వచ్చాయి. వాటిని చేతిలో పట్టుకుని మేం బిక్కచచ్చి నిలబడ్డాం. ఏడంకెల నంబరు, పైన మా ఫోటో. ఆవిడ ఒక్కొక్కటీ తీసుకుని చూసి, "పరీక్ష హాల్లో మీరు మొదట రాసేది ఈ నంబరే. దీనికే వణికితే మిగతా పేపరు ఎట్లా రాస్తారు? విప్పండి దీన్ని. దేంతో పోతుందో చూసుకురండి. భాగహారం కూడా చేతికి బాగుంటుంది," అన్నారు.

నా ముందు నంబరు పిల్లది రెండుతోనే పోయింది. దాని ముందు పిల్లది ఐదుతో. నా తర్వాత నంబరు మళ్ళీ సరి సంఖ్యే. వాళ్ళకి అయిదు నిమిషాల్లో పనైపోయింది. నాది 2019097. ఇరవై లక్షల పంతొమ్మిది వేల తొంభై ఏడు. మూడుతో పోలేదు. ఏడుతో పోలేదు. పదకొండు, పదమూడు, పదిహేడు, దేంతోనూ పోలేదు. సాయంత్రం చీకటిపడేదాకా చేశాను, ప్రతిదానికీ ఏదో ఒకటి మిగిలింది.

ఐదుతో పోయిన పిల్ల నా పుస్తకంలోకి తొంగిచూసి, "ఒసేయ్, నీది ఎవడూ కొరకలేని నంబరే. నువ్వు ఈసారి పాసే!" అంది. ఆటకి అన్నమాటే. నాకు మాత్రం మనసులో పాతుకుపోయింది. ఏదీ భాగించకపోతే పాసవుతాను. ఏదైనా భాగిస్తే షెడ్డే. ఎవరో చెవిలో చెప్పినంత ఖాయంగా ఆ మాట నాతో ఉండిపోయింది.

టీచరుకి ఎవరు చెప్పారో, మర్నాడు నన్ను పిలిచారు. "ఏమే, మొక్కుకున్నావంట నంబరుకి?"

నేను నోటుపుస్తకం వెనక్కి దాచుకున్నాను.

"చూడు అమ్మాయ్. దానికి నీ మీద ప్రేమా లేదు, పగా లేదు. నీ పేరు కూడా తెలవదు దానికి. అది ప్రధాన సంఖ్య అయితే అయింది, కాకపోతే లేదు. పరీక్ష రాయాల్సింది నువ్వు."

"ఎక్కడిదాకా చెయ్యాలి టీచర్?" అన్నాను. ఆ మాటలేవీ నాకెక్కలేదని ఆవిడకి అర్థమైంది. నిట్టూర్చి, గోడ మీది పాత క్యాలెండరు తిప్పి చూపించారు. దాని వెనక తన చేత్తో రాసుకున్న ప్రధాన సంఖ్యల పట్టీ ఉంది. పద్నాలుగు వందల ఇరవై దగ్గర వేలు పెట్టి, "ఇక్కడిదాకా చాలు. అంతకంటే పెద్దదేదైనా దీన్ని భాగించిందనుకో, దానికి జతగా వచ్చేది ఇంతకంటే చిన్నదే అయి ఉంటుంది. ఆ చిన్నది మనకి ముందే దొరికేస్తది. అందుకని పెద్దవాటి జోలికి పోనక్కర్లేదు," అన్నారు.

అక్కడిదాకా లెక్కపెడితే రెండు వందల ఇరవై మూడు ఉన్నాయి. రోజుకి పద్నాలుగు, పదిహేను చొప్పున చేసుకుపోయాను. ఆవిడ మాకు ఒక సరిచూపు నేర్పారు, తొమ్మిదులు తీసేయటం. నంబరులో అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్ళీ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా తగ్గించాలి. భాగహారం సరిగ్గా ఉంటే రెండు వైపులా అదే అంకె రావాలి. నా నంబరులో అంకెలు కూడితే ఇరవై ఎనిమిది, రెండూ ఎనిమిదీ పది, ఒకటీ సున్నా ఒకటి. ఆ పదహారు రోజులూ ప్రతి లెక్క చివరా ఆ 'ఒకటి' వచ్చేదాకా నాకు మింగుడు పడేది కాదు. శేషం మిగిలిన ప్రతిసారీ కాస్త ఊపిరి, మళ్ళీ తర్వాతి సంఖ్య దగ్గర బిగింపు. నిజం చెప్పాలంటే అన్ని భాగహారాలు చేసేసరికి నా చెయ్యి బాగా తిరిగింది. ఆవిడకి కావలసింది అదే. కానీ నేను తిండి మానేస్తున్నానని ఆవిడ అనుకోలేదు.

అప్పట్లో లెక్కలకి రెండు పేపర్లు. మొదటిది అయిపోయింది. రెండో పేపరుకి ముందు రోజు సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, వరండాలో కూర్చుని 1399తో భాగించాను. మూడు వందల నలభై మిగిలింది. ఇక పట్టీలో ఒక్కటే ఉంది, 1409. ఒక్కటంటే ఒక్కటి. రెండు వందల ఇరవై రెండు దాటాను, ఈ ఒక్కటీ దాటితే చాలు. పెన్ను కింద పెట్టేశాను. "చెయ్యి," అన్నారు టీచరు ఎదురుగా కూర్చుని. కొత్త పేజీ తీసి, నంబరు మళ్ళీ రాసుకుని, చేశాను. 1432 సార్లు పోయి, 1391 మిగిలింది. తొమ్మిదులు తీసి చూశాను. ఒకటి వచ్చింది. సరిపోయింది.

పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాను. చాలాసేపు చూశారు. చర్చిలో నంబరు చూసేటప్పటిలాగే పెదాలు కదిలాయి. తర్వాత ఆగిపోయాయి. ఎర్ర పెన్ను తీశారు గానీ కాగితం మీద పెట్టలేదు.

"అన్నం తిన్నావా?" అన్నారు.

"లేదు టీచర్."

"నిన్న?"

ఆవిడ నా మొహం వైపు చూసి, పేజీ వైపు చూసి, టిక్కు కొట్టారు. పేజీలో సగం పట్టేంత పెద్ద టిక్కు.

"ప్రధాన సంఖ్యేనా టీచర్?"

"టిక్కు కొట్టానుగా. ఇంటికెళ్ళి తిని పడుకో." ఆ మాట నాతో కాక గొడుగుతో అన్నట్టు అన్నారు.

ఆ పెద్ద టిక్కు చూసి నేను ఎందుకు అనుమానపడలేదో ఇప్పటికీ తెలీదు. చీమ తలంత టిక్కు కొట్టే మనిషి. సంతోషంలో అనుకున్నాను. ఇంటికెళ్ళి అమ్మ పెట్టిందంతా తిన్నాను.

మర్నాడు పేటలోని సెంటర్లో రెండున్నర గంటలు వణక్కుండా రాశాను. నా జీవితంలో లెక్కల పేపరు ముందు వణక్కుండా కూర్చోవటం అదే మొదటిసారి. బయటికొచ్చేసరికి గేటు ఎదురుగా, నడినెత్తిన ఎండలో, గొడుగు కింద టీచరు. ఆవిడ వస్తారని అనుకోలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. ఎట్లా రాశావని అడగలేదు.

"అమ్మాయ్, నీ నంబరు 1409తో పోతుంది. శేషం సున్నా," అన్నారు.

"నిన్న టిక్కు కొట్టారుగా టీచర్," అన్నాను.

"నిన్న కొత్త పేజీలో నంబరు ఎత్తి రాసేటప్పుడు చివరి రెండంకెలు తారుమారు చేశావ్. తొంభై ఏడు అని రాయాల్సిన చోట డెబ్భై తొమ్మిది అని రాశావ్. అంకెలు తారుమారైనా కూడితే మొత్తం మారదు. అందుకే తొమ్మిదులకి దొరకలేదు. నాకు దొరికింది. దొరికినా టిక్కు కొట్టాను. తప్పు చేశాను."

నేను అక్కడే గోడ వారగా కూలబడ్డాను. అన్నీ దాటి, ఆఖరిదానికి పోయింది. ముందు భయం, దాని వెనకే ఒళ్ళు మండిపోయింది. టీచరని కూడా చూడకుండా అరిచాను. "మరి ఇప్పుడెందుకు చెప్పారు? ఫలితాలు వచ్చేదాకా ఆగలేరా? నన్ను నెలన్నర చంపటానికా?"

"ఒక్క రాత్రి మోశానే," అన్నారు. "రాత్రంతా తాళం లాగి చూసుకుంటూనే ఉన్నాను. పేపరు అయ్యేదాకా అన్నా ఆగుదామని ఆగాను. ఇంక నావల్ల కాలా."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఎదురుగా ఎన్ని లారీలు వచ్చాయో, ఆవిడ ఒక్క నంబరు కూడా చదవలేదు.

ఆ నెలన్నర మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ భయపడ్డారో చెప్పలేను. నేను షెడ్డులో అమ్మ పక్కన కూర్చుని తొడిమలు తీస్తున్నాను, తీస్తున్నంతసేపూ పద్నాలుగు వందల తొమ్మిది అన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. సాయంత్రం మజ్జిగ గిన్నెలో నాలుగు చేతులు. ఆవిడ శుక్రవారం శుక్రవారం ఉపవాసం మొదలుపెట్టారు. ఒకరోజు షెడ్డు దాకా వచ్చి, తుమ్ముకుంటూ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నేను చేసిన తప్పు నీ మీద పడుద్దేమోనే," అన్నారు. దానికి నీ పేరు కూడా తెలవదన్న మనిషి! నంబరుకి ప్రేమా పగా లేవన్న మనిషి! నాకు కోపం పోయి జాలేసింది. "అట్లా ఏముండదు టీచర్, ఊరుకోండి," అని నేనే ధైర్యం చెప్పాల్సి వచ్చింది. నాకు లేని ధైర్యం ఆవిడకి చెప్పాను.

ఫలితాలు వచ్చిన రోజు పొద్దున పదింటికి, మడత విప్పని పేపరు చంకలో పెట్టుకుని షెడ్డుకి వచ్చారు. నేను చేతులు దులుపుకుని పరిగెత్తాను. పేపరు ఇవ్వలేదు. సంచీలోంచి నా పాత నోటుపుస్తకం తీశారు. పరీక్ష ముందు రోజు నుంచి అది ఆవిడ దగ్గరే ఉంది. ఆ పేజీ తీసి, పెద్ద టిక్కు మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, పెన్ను నా చేతికిచ్చారు.

"ముందు ఇది సరిగ్గా చెయ్యి. తర్వాతే పేపరు."

"టీచర్, నంబరు చూద్దాం టీచర్..."

"చెయ్యి. ఇది ఇట్లా ఉండగా నేనది చూడలేను."

కారం అంటిన చేత్తోనే చేశాను. 1409 రెండు వేల పంతొమ్మిదిలో ఒకసారి. తర్వాత నాలుగుసార్లు, మూడుసార్లు, మూడుసార్లు. 1433. చివర ఏమీ మిగల్లేదు. "ఇప్పుడు తిరిగి గుణించు," అన్నారు. తొమ్మిదులు తియ్యమనలేదు. గుణించాను. 2019097 వచ్చింది. ఆవిడ పక్కన చీమ తలంత టిక్కు కొట్టి, అప్పుడు పేపరు మడత విప్పారు.

చీమల బారులాగా పాసైనవాళ్ళ నంబర్లు. నా కళ్ళకి ముందు 2019079 తగిలింది. గుండె ఎగిరి గంతేసింది. ఆవిడ వేలు అక్కడ ఆగలేదు. "అది నీది కాదు," అన్నారు మెల్లగా. 95 ఉంది. 96 ఉంది. 98 ఉంది. ఐదుతో పోయిన పిల్లా, రెండుతో పోయిన పిల్లలూ అందరూ ఉన్నారు. నేను లేను. ఆవిడ మళ్ళీ పైనుంచి చదివారు. తాళం లాగి చూసినట్టు మూడుసార్లు చదివారు. ఆ తర్వాత పేపరు మడిచి, మిరపకాయల కుప్ప పక్కన నేల మీదే కూర్చుండిపోయారు. నాకు వచ్చిన మార్కులు తర్వాత తెలిశాయి, ముప్పై ఒకటి. ముప్పై అయిదు కావాలి.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. మా నాన్న నులకమంచం వాల్చితే కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పారు, అంకెలు తారుమారైన సంగతి, టిక్కు సంగతి, అంతా. మా నాన్నకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"టిక్కు కొడితే పరీక్ష ఎట్లా పోద్ది టీచరమ్మా? దీనికి రాక పోయింది గానీ," అన్నాడు.

"దీనికి వచ్చు. అది నేను చూశాను. ఇంకొక్కసారి రాయనీయండి."

"మూడు అయినయ్ గదమ్మా."

"తెలుసండీ. ఇంకొక్కటి." కాళ్ళు వణుకుతున్నాయి. గొడుగు నేలకి ఆనించి దాని మీద బరువు పెట్టి నిలబడ్డారు.

మా నాన్న ఆవిడ కాళ్ళ వంక చూశాడు. "మీరింతగా నిలబడి అడుగుతుంటే ఏమనేది. ఇదే ఆఖరు మరి," అన్నాడు.

ఆఖరుసారి కొత్త హాల్ టికెట్ వచ్చినప్పుడు ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టి, "దీన్ని మాత్రం కదిలించకు," అన్నారు. కదిలించలేదు. ఆ నంబరు ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు. నలభై ఒక్క మార్కులతో బయటపడ్డాను. ఆ పదో తరగతి కాగితంతోనే పేటలో పత్తి మిల్లులో పని దొరికింది. బేళ్ళ మీద నంబర్లు వేసే పని. రోజూ వేస్తాను, వేసిన ప్రతిదాన్నీ దేనితోనో ఒకదానితో భాగించి చూస్తాను. షెడ్డులో పీట వేరేవాళ్ళకి పోయింది.

భూస్థాపన అయ్యాక అందరం భోజనాలకి చర్చి వరండాలోకి వచ్చాం. పంతొమ్మిది ఇరవైమూళ్ళు అని చెప్పిన పిల్ల నా పక్కనే వచ్చి నిలబడింది.

"మీరూ టీచర్ దగ్గరే చదివారా అక్కా? ఏ బ్యాచ్?"

"చాలా పాతదమ్మా. నా హాల్ టికెట్ నంబరు ఇరవై లక్షల పంతొమ్మిది వేల..."

ఇంకా పూర్తి చెయ్యలేదు. ఆ పిల్ల నోరు తెరుచుకుని నిలబడిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఏమేవ్, తొంభై ఏడక్క!" అని కేకేసింది. చావు దగ్గర కేకేమిటని పెద్దవాళ్ళు కసిరారు. అయినా ఆరేడుగురు మూగేశారు, కొందరు స్కూలు పిల్లలు, కొందరు చంకలో బిడ్డలున్నవాళ్ళు. "పద్నాలుగు వందల తొమ్మిది, పద్నాలుగు వందల ముప్పై మూడు," అన్నారు ఒకరి మీద ఒకరు.

ప్రతి ఏడూ హాల్ టికెట్లు వచ్చిన రోజున ఆవిడ ఆ నంబరు బోర్డు మీద రాసేవారట. ఒక అమ్మాయి చివరి రెండంకెలు తారుమారు చేసిందనీ, తొమ్మిదులు తీసి చూస్తే దొరకలేదనీ, ఒక టీచరుకి దొరికినా భయపడి టిక్కు కొట్టిందనీ చెప్పేవారట. "తొమ్మిదుల్ని నమ్మొద్దు, టీచర్లనీ నమ్మొద్దు, తిరిగి గుణించి చూసుకోండి," అనేవారట. నా పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఆ టీచరు ఎవరో మాత్రం చెప్పేవారట. ఇన్నేళ్ళుగా, ఏడాదికొకసారి, పిల్లల ముందు నిలబడి. నేను పేటలోనే, పది మైళ్ళ దూరంలో ఉండి, ఒక్కసారి వచ్చి చాలు టీచర్ అని చెప్పలేదు.

మిగతావాళ్ళు కదిలారు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు. పాటల పుస్తకంలోంచి తన హాల్ టికెట్ అంచు కనబడుతోంది. గోళ్ళు మొదలంటా కొరికేసి ఉన్నాయి.

"అక్కా, మరి ఆ పరీక్ష పాసయ్యారా మీరు? టీచర్ని ఎన్నిసార్లు అడిగినా 'అది లెక్కలో లేదు, కూర్చో' అనేవారు."

నేను ఆ పిల్ల మొహం చూశాను. కళ్ళ కింద గుంటలు.

"ఇది నాకు మూడోసారి అక్కా. సోమవారం నుంచి పరీక్షలు. టీచరు ఉంటారనుకున్నాను," అంది.

"అన్నం తిన్నావా?" అన్నాను.

"తినబుద్ధి కాలా అక్కా."

"పాసయ్యాను," అన్నాను. "ఆ నంబరుతోనే పాసయ్యాను. వెళ్ళి తిను."

ఆ పిల్ల నవ్వింది. నిజంగా నవ్వింది. పళ్ళెం తెచ్చుకోడానికి వెళ్ళబోతుంటే నేను వేళ్ళు మడవటం మొదలుపెట్టాను. ఆవిడ మోసింది ఒక్క రాత్రి. ఈ రాత్రి నుంచి ఈ పిల్ల లెక్కల పేపరు దాకా లెక్కేసుకుంటే నాకు తొమ్మిది రాత్రులు వస్తున్నాయి.

"ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నాను. "నీకు ఏ సెంటరు పడింది? లెక్కల పేపరు ఎన్నింటికి వదులుతారు?"

పేటలోనే అంది. పన్నెండింటికి అంది. ఆ వేళప్పుడు గేటు దగ్గర నీడ ఉండదు. గొడుగు తీసుకెళ్ళాలి.